డాబా మీద శంకువు: ఒక రంధ్రం, ఒక దారంతో ఉత్తరం, మిట్టమధ్యాహ్నం, అక్షాంశం కొలిచే పద్ధతి

ఇల్లు కట్టేముందు చేసే శంకుస్థాపనలో శంకువు అంటే నేలలో పాతే మేకు, కర్ర. మన పాత జ్యోతిష గణితంలో 12 అంగుళాల (ఇంచీలు కాదు, వేలి వెడల్పులు) శంకువును నిలబెట్టి దాని నీడతో దిక్కు, కాలం, ఊరి అక్షాంశం లెక్కగట్టేవారు. ఆ పని ఈరోజు కూడా డాబా మీద కొద్దిపాటి సామానుతో చెయ్యొచ్చు. టెలిస్కోపు అక్కర్లేదు, సూర్యుడి వైపు కన్నెత్తి చూడాల్సిన పని అసలే లేదు. చూపంతా కింద, చెక్క మీదే ఉంటుంది.

బళ్లో చెప్పినట్టు కర్ర పాతి నీడ చివర గుర్తు పెట్టబోతే మొదటి గంటలోనే చిరాకొస్తుంది, ఎందుకంటే నీడకి చివరంటూ ఉండదు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. అందుకే 30 సెం.మీ. కర్ర నీడ కొస చలికాలంలో దాదాపు అర సెంటీమీటరు మేర మసకబారి ఉంటుంది. పొడవైన కర్ర పెట్టినా లాభం లేదు, మసక కూడా అంతే పెరుగుతుంది. దీనికి విరుగుడు: కర్ర కొస బదులు, రేకులో చిన్న రంధ్రం. రేకు నీడ మధ్యలో గుండ్రటి వెలుగు చుక్క పడుతుంది. చింతచెట్టు కింద నేల మీద కనిపించే గుండ్రటి వెలుగు మచ్చలు కూడా ఇవే, ఆకుల సందుల్లోంచి పడ్డ సూర్యబింబాలు. చుక్క అంచు మెత్తగా ఉన్నా దాని నడిమి కంటికి బాగా దొరుకుతుంది, అర మిల్లీమీటరు తేడాలో గుర్తు పెట్టొచ్చు.

సామాను

- 12 మి.మీ. ప్లైవుడ్, రెండడుగుల చదరం (60 × 60 సెం.మీ.). వడ్రంగి దగ్గర మిగిలిన ముక్క చాలు, వంకర మాత్రం ఉండకూడదు.
- 30 సెం.మీ. రీపరు ముక్క, అంగుళం మందం.
- 15 × 6 సెం.మీ. రేకు. పాత నూనె డబ్బాది సరిపోతుంది. పొడవాటి అంచులు రెండూ అర సెంటీమీటరు మడిస్తే గాలికి ఊగదు, చెయ్యి కోసుకోదు.
- తెల్ల డ్రాయింగు షీటు, సన్నటి నైలాను దారం, బరువుకి ఒక నట్టు, స్టీలు స్కేలు, గట్టి పెన్సిలు.
- రసమట్టం (స్పిరిట్ లెవెల్). కొనక్కర్లేదు, ఏ తాపీమేస్త్రీ అయినా గంటసేపు ఇస్తాడు. ఫోనులో యాప్ వాడాలనుకుంటే ఫోన్ వెనక కెమెరా గడ్డ ఉబ్బెత్తుగా ఉంటుందని మరచిపోకండి. దాన్ని చెక్క అంచు బయట ఉంచి కొలవండి.

కట్టడం

చెక్కకి ఒక అంచుని "దక్షిణం" అనుకోండి. ఆ అంచు నుంచి 5 సెం.మీ. లోపల, వెడల్పుకి సరిగ్గా మధ్యలో రీపరుని నిలబెట్టి, చెక్క అడుగునుంచి రెండు స్క్రూలు బిగించండి. ఒక్క స్క్రూ వేస్తే రీపరు తిరిగిపోతుంది. రేకుకి ఒక చివర దగ్గర 3 మి.మీ. రంధ్రం వెయ్యండి. డ్రిల్లు లేకపోతే మేకుతో పొడిచి, వెనకవైపు లేచిన ముళ్లని సానరాయితో అరగదీయండి, లేకపోతే చుక్క గుండ్రంగా రాదు. రేకు రెండో చివరని రీపరు నెత్తిన మేకులతో కొట్టండి. రంధ్రం రీపరుకి 10 సెం.మీ. ఉత్తరంగా, గాల్లో నిలవాలి. అంత దూరం ఎందుకంటే జూన్‌లో మన దగ్గర సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు. చుక్క వెనక్కి, దక్షిణానికి, హైదరాబాద్‌లో 3 సెం.మీ., తిరుపతిలో 5 సెం.మీ. పైగా వస్తుంది. రంధ్రం రీపరుకి ఆనుకుని ఉంటే ఆ నెలల్లో చుక్క రీపరు మీదికెక్కి కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు కిటుకు. దారాన్ని రంధ్రంలోంచి కిందికి వదిలి, చివర నట్టు కట్టి, చెక్కకి వెంట్రుకవాసి ఎత్తులో వేలాడనివ్వండి. ఊగడం ఆగాక నట్టు కొన కింద చుక్క పెట్టండి. ఇదే మూలబిందువు, కొలతలన్నీ ఇక్కడినుంచే. ఎత్తు అంటే రంధ్రం నుంచి ఈ బిందువుకి ఉన్న దూరం. రీపరు 30 సెం.మీ. కదా అని 30 రాసేసుకోకండి, కొలవండి. 29.8 ఉండొచ్చు, 30.3 ఉండొచ్చు.

దీనివల్ల రీపరు కాస్త ఒరిగినా నష్టం లేదు. మామూలు కర్రయితే 30 సెం.మీ. ఎత్తులో కొస అర సెంటీమీటరు పక్కకి ఒరిగితే ఒక డిగ్రీ తప్పు, అంటే అక్షాంశంలో 111 కి.మీ. హైదరాబాద్‌లో కొలిచి కర్నూలు దారిలో తేలతారు! ఇక్కడ మాత్రం దారం ఎప్పుడూ నిలువే.

చెక్కని పెట్టడం

డాబా చూడటానికి సమంగా ఉన్నా, వాననీళ్లు పోవడానికి తూము వైపు వాలుగా పోస్తారు. కాబట్టి చెక్క మూలల కింద అట్టముక్కలు పెట్టి, రసమట్టాన్ని ఉత్తర దక్షిణంగా ఒకసారి, తూర్పు పడమరగా ఒకసారి చూడండి. రసమట్టాన్నే అటుది ఇటు తిప్పి మళ్లీ చూడండి. బుడగ అక్కడే నిలిస్తే రసమట్టం మంచిది, మారితే దాన్ని నమ్మకండి. వాటర్ ట్యాంకు, పిట్టగోడ, బట్టల దండెం నీడలు ఉదయం పదిన్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా చెక్క మీద పడని చోటు ముందురోజే చూసుకోండి.

ఉత్తరం వైపు అంచుని ప్రస్తుతానికి ఫోన్ దిక్సూచితో సుమారుగా తిప్పండి చాలు. దాన్ని అంతకుమించి నమ్మొద్దు. స్లాబులో ఇనుప చువ్వలు, పక్కన ట్యాంకు స్టాండు ఉంటాయి, సూది ఎటు తిరిగిందో దానికే తెలియదు.

తూర్పు పడమర గీత

ఈ పద్ధతి కాత్యాయన శుల్బసూత్రంలో ఉంది. మూలబిందువు కేంద్రంగా వృత్తం గీస్తారు. ఉదయం చుక్క వృత్తం బయటినుంచి లోపలికి వస్తూ పడమర వైపు దాన్ని దాటుతుంది, మధ్యాహ్నం లోపలినుంచి బయటికి పోతూ తూర్పు వైపు దాటుతుంది. ఆ రెండు చోట్లనీ కలిపితే తూర్పు పడమర గీత.

వృత్తం ఎంత పెద్దది గీయాలి? మధ్యాహ్నం చుక్క మూలబిందువుకి ఎంత దూరంలో పడుతుందో దానికంటే నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ. ఒక్కటే గీయకండి, రెండున్నర సెం.మీ. ఎడంతో మూడు గీయండి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మబ్బు తునక వచ్చి ఒక వృత్తం పోయినా మిగతావి ఉంటాయి. గీయడానికి దారం వాడితే సాగుతుంది. అట్టపట్టీకి ఒక చివర గుండుసూది, రెండో చివర పెన్సిలు కొన పట్టే కన్నం పెట్టుకోండి.

చుక్క నడిమి వృత్తపు గీత మీదికి రాగానే పెన్సిలుతో గుర్తు, పక్కన టైము. సెకన్లు కూడా చూసుకోండి. గోడ గడియారం కాదు, నెట్‌వర్క్ నుంచి సమయం తీసుకునే ఫోనే వాడండి.

రెండు గుర్తులూ కలిపాక దానికి లంబంగా ఉత్తర దక్షిణ గీత కావాలి. మూలమట్టం పెట్టి గీయొచ్చు గానీ చిన్న మూలమట్టంతో గీత చివర పక్కకి పోతుంది. పాతకాలం పద్ధతే మేలు: రెండు గుర్తులు కేంద్రాలుగా, ఒకే కొలతతో రెండు పెద్ద చాపాలు గీస్తే అవి ఒకదాన్నొకటి రెండు చోట్ల ఖండించుకుని మధ్యలో చేప ఆకారం వస్తుంది. మన గ్రంథాల్లో దీని పేరు కూడా మత్స్యమే. చేప నోటినీ తోకనీ కలిపే గీత ఉత్తర దక్షిణ గీత. అది మూలబిందువు గుండా పోవాలి. మూడు వృత్తాలకీ మూడు చేపలు గీస్తే మూడు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడాలి. ఒకటి మాత్రం పక్కకి పోతే ఆ వృత్తం టైములో చెక్క కదిలింది, లేదా గుర్తు తప్పు పడింది. మూడూ ఒకేలా మూలబిందువుని తప్పి పక్కనుంచి పోతే వృత్తాల కేంద్రం మూలబిందువు మీద సరిగ్గా లేదు.

డిసెంబరు, జూన్ నెలల్లో ఈ గీత చక్కగా వస్తుంది. మార్చి, సెప్టెంబరుల్లో ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్యలోనే సూర్యుడి క్రాంతి (భూమధ్యరేఖకి ఎన్ని డిగ్రీలు ఉత్తరానో దక్షిణానో ఉన్నాడో ఆ కొలత) కాస్త మారుతుంది కాబట్టి చిన్న తేడా ఉంటుంది, ఈ చెక్క మీద కనపడేంత కాదు.

వాస్తు పేరుతో "సూర్యుడు లేచేదే తూర్పు" అనేవాళ్లకి ఈ గీత చూపించండి. హైదరాబాద్‌లో సూర్యోదయం జూన్‌లో అసలు తూర్పుకి దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరులో అంతే దక్షిణంగా జరుగుతుంది. గీత మీద సరిగ్గా లేచేది ఏడాదికి రెండుసార్లే.

మీ ఊరి మిట్టమధ్యాహ్నం

చుక్క మూలబిందువుకి అతి దగ్గరగా వచ్చే క్షణం కోసం కళ్లప్పగించి కూర్చోకండి, దొరకదు. ఫిబ్రవరిలో మధ్యాహ్నానికి పది నిమిషాల ఇటూ అటూ ఆ దూరం ఒక్క మిల్లీమీటరు కూడా మారదు. అదే సమయంలో చుక్క పక్కకి మాత్రం ఒకటిన్నర సెంటీమీటరు జరుగుతుంది. అందుకే వృత్తం దాటిన రెండు టైముల సగటు తీసుకోవాలి. వృత్తం దగ్గర చుక్క నిమిషానికి మిల్లీమీటరుకి పైగా దూరం మారుతుంది కాబట్టి అర నిమిషం తేడాలో పట్టుకోవచ్చు.

ఉదాహరణకి ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో 23.5 సెం.మీ. వృత్తాన్ని చుక్క 11:02కి ఒకసారి, 1:58కి ఇంకోసారి దాటితే మధ్యాహ్నం 12:30. అవును, పన్నెండున్నర! గడియారం తప్పు కాదు. మన గడియారాలన్నీ కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానివి. అక్కణ్నించి పడమరకి ప్రతి డిగ్రీకీ నాలుగు నిమిషాలు ఆలస్యం. ఆ లెక్కన సగటు మధ్యాహ్నం విశాఖలో 11:57, విజయవాడలో 12:07, తిరుపతిలో, వరంగల్‌లో 12:12, హైదరాబాద్‌లో 12:16.

దాని మీద ఇంకో తేడా: భూమి కక్ష్య గుండ్రం కాదు, పైగా అక్షం 23.4 డిగ్రీలు ఒరిగింది. ఈ రెండిటి వల్ల సూర్యుడు గడియారం కంటే ఒకప్పుడు ముందూ, ఒకప్పుడు వెనకా ఉంటాడు. ఫిబ్రవరి 11 దగ్గర 14 నిమిషాలు వెనక, నవంబరు 3 దగ్గర 16 నిమిషాలు ముందు. కాబట్టి హైదరాబాద్‌లో మధ్యాహ్నం నవంబరు మొదట్లో 12:00కి, ఫిబ్రవరిలో 12:30కి. పంచాంగంలో అభిజిత్ ముహూర్తం నట్టనడిమి కూడా ఈ క్షణమే, పన్నెండు గంటలు కాదు. మీ సగటుని పంచాంగంతో పోల్చి చూసుకోవచ్చు, అయితే పంచాంగం ఏ ఊరికి గణించిందో ముందు చూడండి.

అక్షాంశం

చుక్క ఉత్తర దక్షిణ గీతని దాటిన చోటునుంచి మూలబిందువుకి దూరం కొలవండి. దాన్ని రంధ్రం ఎత్తుతో భాగించండి. ఫోన్ కాలిక్యులేటరు అడ్డంగా తిప్పితే టాన్ మీట నెత్తిన మైనస్ ఒకటి (tan⁻¹) ఉన్నది కనిపిస్తుంది, అది నొక్కండి. వచ్చేది సూర్యుడు నడినెత్తికి ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నాడో ఆ కోణం. 0.30 లాంటి బుల్లి అంకె వస్తే కాలిక్యులేటరు రేడియన్లలో ఉంది, డిగ్రీలకి మార్చండి.

మార్చి 20, 21, సెప్టెంబరు 22, 23 తేదీల్లో ఆ కోణమే మీ అక్షాంశం. హైదరాబాద్‌లో 30 సెం.మీ. ఎత్తుకి చుక్క 9.4 సెం.మీ. దూరంలో పడుతుంది: 17.4 డిగ్రీలు. మిగతా రోజుల్లో సూర్యుడి క్రాంతి కలపాలి. చుక్క మూలబిందువుకి ఉత్తరాన పడితే అక్షాంశం = కోణం + క్రాంతి (క్రాంతి మైనస్ అయితే తీసెయ్యాలి). దక్షిణాన పడితే అక్షాంశం = క్రాంతి − కోణం. ఎక్కువమంది పొరబడేది ఈ రెండోదాంట్లోనే.

నెల ఒకటో తేదీన క్రాంతి, డిగ్రీల్లో: జనవరి −23.0, ఫిబ్రవరి −17.2, మార్చి −7.7, ఏప్రిల్ +4.4, మే +15.0, జూన్ +22.0, జులై +23.1, ఆగస్టు +18.1, సెప్టెంబరు +8.4, అక్టోబరు −3.1, నవంబరు −14.3, డిసెంబరు −21.8. మధ్య తేదీలకి సుమారుగా పంచుకోవచ్చు. ఒక మిల్లీమీటరు కొలత తప్పు అక్షాంశంలో 0.2 డిగ్రీ, అంటే నేల మీద సుమారు 20 కి.మీ. మొదటి ప్రయత్నంలో 50 కి.మీ. లోపు వస్తే బాగా చేసినట్టే.

డాలస్‌లోనో ఇంకెక్కడో ఉన్నవాళ్లకి రెండు మార్పులు. అక్కడ సూర్యుడు ఎప్పుడూ నడినెత్తికి రాడు. డిసెంబరులో 30 సెం.మీ. ఎత్తుకి చుక్క 45 సెం.మీ. దూరం పోతుంది, చెక్క సరిపోదు. రీపరు 20 సెం.మీ. పెట్టుకోండి. వేసవిలో గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి డాలస్‌లో మిట్టమధ్యాహ్నం ఒకటిన్నర దగ్గర.

నీడ లేని రోజు

మన దేశంలో కర్కటరేఖకి దక్షిణాన ఉన్న అన్ని ఊళ్లకీ ఇది ఏడాదికి రెండుసార్లు వస్తుంది, మన రెండు రాష్ట్రాల్లో ఏ ఊరూ మినహాయింపు కాదు. సూర్యుడి క్రాంతి మీ అక్షాంశంతో సమానమైన రోజు, మిట్టమధ్యాహ్నం చుక్క సరిగ్గా మూలబిందువు మీద పడుతుంది. హైదరాబాద్‌కి మే 9, ఆగస్టు 3. తిరుపతికి ఏప్రిల్ 26, 27 ప్రాంతం. విజయవాడకి మే 6, విశాఖకి మే 10, ఆదిలాబాద్‌కి మే 19 దగ్గర. ఒకరోజు అటూ ఇటూ అయినా తేడా పావు డిగ్రీయే, చూడటానికి పర్వాలేదు. ఆగస్టుది వానలకి పోతుంది, మేలోనే చూడండి. కాలికి చెప్పులు మాత్రం ఉండాలి, అప్పటి డాబా పెనం.

పిల్లలకి చూపించాలంటే నిటారు గోడలున్న స్టీలు గ్లాసు బోర్లించండి. అడుగు వెడల్పు, నోరు ఇరుకు లేదా నోరు వెడల్పు, అడుగు ఇరుకు ఉన్నవి పనికిరావు. పాత ఇంట్లో లోతైన బావి ఉంటే ఇంకా మంచిది. ఆ కొద్ది నిమిషాలు ఎండ నిలువునా దిగి అడుగు నీళ్లు తళతళలాడతాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలత లెక్క మొదలైంది ఈజిప్టులో సైయీన్ ఊరి నుంచే. సూర్యుడు అక్కడ నడినెత్తిన ఉన్న రోజున అలెగ్జాండ్రియాలో నీడ కోణం వృత్తంలో 50వ వంతు ఉంది.

మీరూ చెయ్యొచ్చు. దాదాపు ఒకే రేఖాంశం మీద, ఉత్తర దక్షిణంగా దూరంగా ఉన్న రెండు ఊళ్లు కావాలి. తిరుపతి, నాగపూర్ చక్కటి జత. నాగపూర్‌లో చుట్టమో స్నేహితుడో ఉంటే ఇలాంటి చెక్కే చేయించి, ఒకే రోజు ఇద్దరూ ఎవరి మధ్యాహ్నానికి వాళ్లు కోణం కొలవండి. క్రాంతి ఇద్దరికీ ఒకటే కాబట్టి కలపక్కర్లేదు, రెండు కోణాల తేడా చాలు (ఒకరికి చుక్క ఉత్తరాన, ఇంకొకరికి దక్షిణాన పడితే మాత్రం రెండు కోణాలూ కూడాలి). అది సుమారు 7.5 డిగ్రీలు రావాలి. గాల్లో దూరం సుమారు 830 కి.మీ. ఆ 830ని 360తో గుణించి 7.5తో భాగిస్తే 39,840. అసలు చుట్టుకొలత ధ్రువాల మీదుగా 40,008 కి.మీ. రోడ్డు దూరం వేస్తే భూమి ఉబ్బిపోతుంది. దగ్గర ఊళ్లు తీసుకున్నా చెడుతుంది. హైదరాబాద్, ఆదిలాబాద్ మధ్య కోణం తేడా 2.3 డిగ్రీలే, అందులో 0.3 తప్పు పడితే జవాబు ఎనిమిదో వంతు తారుమారు.

ఏడాది పొడుగునా

చెక్కని కదపకుండా ఉంచగలిగితే, లేదా మూలబిందువునీ ఉత్తర గీతనీ డాబా గచ్చు మీదే గీసుకుని రేకు స్టాండుని అక్కడే సిమెంటుతో నిలపగలిగితే, వారానికి ఒకసారి ఒకే టైముకి గుర్తు పెట్టండి. హైదరాబాద్ అయితే 12:16కి. పెన్సిలు, మార్కరు ఎండకి, వానకి పోతాయి, గోళ్ల రంగు నిలుస్తుంది. పక్కనే తేదీ రాయండి. తేదీ లేని చుక్క మూడు నెలల తరవాత ఎందుకూ కొరగాదు.

సంవత్సరం తిరిగేసరికి చుక్కలన్నీ సాగదీసిన 8 అంకెలా వస్తాయి. డిసెంబరు కొస మూలబిందువుకి 26 సెం.మీ. ఉత్తరాన, జూన్ కొస 3 సెం.మీ. దక్షిణాన. నవంబరు మొదటి చుక్కలు గీతకి తూర్పుగా రెండున్నర సెం.మీ., ఫిబ్రవరివి పడమరగా రెండు సెం.మీ. ఇందాక చెప్పిన ముందూ వెనకా తేడా అంతా ఇదే, చెక్క మీద గీసి ఉంటుంది.

జనవరి 14, 15న పండగ హడావుడిలోనూ ఒక గుర్తు పెట్టడం మరవకండి. చుక్క 24 సెం.మీ. దగ్గర పడుతుంది, అంటే డిసెంబరు 21 నాటి కొస నుంచి అప్పటికే రెండు సెంటీమీటర్లు వెనక్కి వచ్చేసింది. సూర్యుడు ఉత్తరానికి మళ్లి మూడు వారాలు దాటింది. భూమి అక్షం బొంగరంలా తలూపుతూ 72 ఏళ్లకి ఒక డిగ్రీ చొప్పున జరుగుతోంది. మన సంక్రాంతి నక్షత్రాలని బట్టి లెక్కగట్టేది కావడంతో, అసలు మలుపు నుంచి అలా జరిగి జరిగి ఇంత దూరం వచ్చింది. ఆ రెండు సెంటీమీటర్లని స్కేలు పెట్టి కొలిచి, రెండు తేదీలూ రాసి పెట్టుకోండి.